అంకమ్మకు నేను చదివిన నోటీసు

ఈమధ్య ఉప్పు చెమ్మగిల్లడం మానేసింది. ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోయినా, సీసా మూత తీసిపెట్టి మరిచిపోయినా గడ్డకట్టదు, నీరూరదు. సన్నటి ఇసకలాగా జలజలా రాలిపోతుంది. మా అమ్మ వంటింట్లో ఉప్పు జాడీ ఒకటుండేది. వానకు ముందు దాని అడుగున నీరు చేరేది. అది చూసి అమ్మ పెరట్లో పిడకలు లోపల పెట్టించేది. రేడియోలో చెప్పే వాతావరణం కంటే మా ఇంట్లో ఆ జాడీకే పరపతి ఎక్కువ. పైగా రాళ్లుప్పు చేత్తో తీస్తే ఎంత తీశామో వేళ్లకు తెలిసేది. ఇప్పుడు డాక్టరు గారు నన్ను ఉప్పు తగ్గించమన్నారు. ఈ జారిపోయే పొడిని చెంచాతో వేసుకుంటూ, తగ్గించానో పెంచానో నాకే తెలియడం లేదు. ఈ ఫిర్యాదు ఎవరితో చెప్పుకోవాలా అని చూస్తున్న రోజుల్లో, ఉప్పుతో బాగుపడ్డ కుటుంబంలోని మనిషే ఒకాయన మా ఇంటి తలుపు తట్టాడు.

ఆయన పెంచలయ్య గారి మనవడు. నలభై దాటినవాడు, మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయట జతగా సర్ది మరీ లోపలికి వచ్చాడు. వాళ్ల తాతగారి శతజయంతికి ఒక సంచిక వేస్తున్నారట. ఆ రోజుల్లో తాతయ్యను దగ్గరగా చూసినవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలానని, రెండు పేజీలు రాసివ్వాలని అడిగాడు. మిగలడం నా ప్రతిభేమో అన్నట్టు అడిగాడు. తాతయ్య రాజకీయాలకు ఎంతో చేశారు గాని ఎవరి దగ్గరా ఏమీ ఆశించలేదు, ఆ ముక్క తప్పకుండా రాయాలి అన్నాడు. రాయడానికి సాయంగా ఉంటుందని బీరువాలో దొరికిన పాత కాగితాలు కొన్ని ప్లాస్టిక్ సంచిలో తెచ్చాడు. వాటిలో నా చేతిరాత ఉంది. ఇంగ్లీషులో రాసిన అర్జీ చిత్తుప్రతి. బి.ఏ. అయిన కొత్తల్లో నేను ‘టి’ అక్షరం మీద గీతను గాలిపటం తోకలాగా లాగేవాణ్ణి. ఆ తోకలన్నీ అలాగే ఉన్నాయి. చదివి చూశాను. భాష విషయంలో ఒక్క తప్పు లేదు.

మా ఊరు ముత్తుకూరికి తూర్పున, సముద్రానికీ ఉప్పుటేటికీ మధ్యలో ఉండేది. మా నాన్న మిషన్ బడిలో అయివారు. పొద్దున ఆయన లేవడంతో ఇల్లు లేచేది. మొహం కడుక్కుని, గడియారానికి తాళమిచ్చి, చాప మీద కూర్చుని బైబిల్లో ఒక అధ్యాయం చదివి, ప్రార్థన చేసి, అప్పుడు కాఫీ తాగేవాడు. ఈ వరసలో ఏదీ ముందూ వెనకా కావడానికి వీల్లేదు. గడియారం ఒకసారి రిపేరుకు వెళ్లినప్పుడు కూడా, ఆ వేళకు లేచి వెళ్లి గోడ దగ్గర కాస్సేపు నిలబడి వచ్చాడు. కాఫీ అయ్యేసరికి మా అరుగు మీద పాళెం జనం ఇద్దరో ముగ్గురో కూర్చుని ఉండేవాళ్లు. పాళెం అంటే మా ఊరికి మైలు దూరంలో, రేవు పక్కన చేపలు పట్టుకునేవాళ్ల గుడిసెలు. వాళ్లలో చదువు వచ్చినవాళ్లు లేరు. మద్రాసు నుంచి, ఇంకా అవతలి రేవుల నుంచి మొగవాళ్లు రాయించి పంపే ఉత్తరాలు, కోర్టు కాగితాలు, ఆస్పత్రి చీటీలు అన్నీ మా నాన్నే చదివిపెట్టాలి.

చదవడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. ముందు తనలో తాను చదువుకునేవాడు కాదు. కళ్లజోడు పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఉన్నది ఉన్నట్టు, పైకి చదివేవాడు. రాసినవాడు తిట్టి ఉంటే ఆ తిట్టు కూడా చదివేవాడు, ఆదివారం గుళ్లో వాక్యం చదివే గొంతుతోనే. ఒకసారి మద్రాసులో ఉన్న మొగుడు తను ఇంక రానని, అక్కడే వేరే కాపురం పెట్టానని భార్యకు రాయించాడు. నాన్న అదీ అలాగే చదివాడు. ఆ పిల్ల వెళ్లిపోయాక అమ్మకు కోపం వచ్చింది, కాస్త మెత్తగా చదవకూడదా అంది. దానికి నాన్న, “నేను మెత్తగా చదివితే వాడు మెత్తగా రాసినాడనుకుంటుంది. దాన్ని నమ్ముకోని ఆశ పెట్టుకుంటుంది. కళ్లు లేనోళ్లకి మన కళ్లు ఇచ్చేటప్పుడు సగం మూసి ఇస్తామా?” అన్నాడు. చెప్పి, చెంబెడు నీళ్లు తాగాడు. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. నేను పెద్ద క్లాసులకు వచ్చాక, ఆయన ఊళ్లో లేని రోజుల్లో ఆ పని నాకు అప్పగించాడు. ఒక మాట కలపకూడదు, ఒక మాట తీయకూడదు. ఇదొక్కటే షరతు.

అరుగు మీదికి కాకుండా పెరటి తలుపు దగ్గరికి వచ్చే మనిషి అంకమ్మ. మంగళవారం మంగళవారం గంపలో ఎండు నెత్తళ్లు, సొర ముక్కలు తెచ్చేది. ఆమె ఇంకా వీధి మలుపులో ఉండగానే వాసన వచ్చి మా వంటింట్లో కూర్చునేది. మా ఇంట్లో దేవుడి మాటకు, వేడి నూనెలో నెత్తళ్ల వాసనకు ఎప్పుడూ పేచీ లేదు. రెండూ ఒకే పొద్దులో నడిచిపోయేవి. అంకమ్మకు అమ్మ అంటే గౌరవం, నాన్న అంటే భయం, నేనంటే వేళాకోళం. కాలేజీ నుంచి సెలవులకు వచ్చి చేపల పులుసు తింటూ ముల్లు గొంతులో ఇరికించుకుని దగ్గుతుంటే, “ఎన్ని పుస్తకాలు చదివి ఏం లాబం అబ్బయా, ముల్లు తీసుకునేది నేర్పలేదే మీ కాలేజీలో” అని తనే అన్నం ముద్ద చేసి ఇచ్చి మింగించింది.

ఆమె చేపలకు ఊళ్లో పేరుండేది, కారణం బయలు. పాళేనికీ ఉప్పుటేటికీ నడుమ తెల్లటి చవిటి నేల ఉండేది, బండలాగా గట్టిది. పాళెం వాళ్లు దాన్ని బయలు అని మాత్రమే అనేవాళ్లు. ఆడవాళ్లు దాన్ని చీపుర్లతో ఊడ్చి, నెత్తళ్లు పరిచి, కాకులను తోలుతూ తాటాకు గొడుగుల కింద కూర్చునేవాళ్లు. దూరం నుంచి చూస్తే నేలకు వెండిరేకు తొడిగినట్టుండేది. మిగిలిన ఒడ్డంతా ఇసకే. ఇసకలో ఎండిన చేప పంటి కింద కరకరలాడుతుంది, దాన్ని ఎవరూ కొనరు. పాళెం అన్నం తినేది ఆ గట్టి నేల మీద అని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఉప్పుమళ్లు కట్టడానికి కూడా సరిగ్గా అటువంటి నేలే కావాలని నాకు తర్వాత తెలిసింది.

బి.ఏ. పాసై ఉద్యోగం లేక తిరుగుతున్న ఏడాది ఎన్నికలు వచ్చాయి. పెంచలయ్య గారికి మా దగ్గరి ఊళ్లో బియ్యం మిల్లు, రెండు లారీలు, ఒక జీపు ఉండేవి. ఆ మూడు బండ్లూ, మిల్లులో వండించిన అన్నమూ, ఒక అభ్యర్థికి ఇచ్చేశాడు. నాకు లారీలు లేవు కాబట్టి నోరిచ్చాను. మా అభ్యర్థి ఏ సభకూ వేళకు వచ్చి ఎరగడు. ఆయన వచ్చేదాకా జనం లేచిపోకుండా కూర్చోబెట్టే మనిషి కావాలి. జీపు మీద మైకు పట్టుకుని నేను గంటల తరబడి నవ్వించేవాణ్ణి. ఎదుటి అభ్యర్థి నడకను, మా అభ్యర్థి ఆలస్యాన్ని, నా నిరుద్యోగాన్ని అన్నిటినీ ఎగతాళి చేసేవాణ్ణి. నేను లేకపోతే ఆయన ఖాళీ మైదానాలకు ఉపన్యాసం ఇచ్చి ఉండేవాడని ఇప్పటికీ నా నమ్మకం. పాళెంలో సభ పెట్టినప్పుడు, గెలిచాక మీరు మొహం చూపిస్తారా అని ఒక కుర్రాడు అడ్డం తగిలాడు. అంకమ్మ ముందు వరసలోంచి లేచి, “కూర్చోరా. చెప్పేది అయివారి బిడ్డ. ఆ ఇంట్లో ఉండేది ఉండేట్టే చెప్తారు” అంది. వాడు కూర్చున్నాడు. పాళెం ఓట్లన్నీ మాకే పడ్డాయి.

రాజకీయ నాయకులు తమకు సాయం చేసిన డబ్బున్నవాళ్లకు ఏదైనా చేసిపెడతారా అని పత్రికల్లో తెగ చర్చలు జరుగుతుంటాయి. నేను కళ్లారా చూసింది ఒక్కసారే. గెలిచిన మూడు నెలల దాకా పెంచలయ్య గారు నోరు తెరిచి ఏమీ అడగలేదు. ఆ నిబ్బరం చూసి నేను ముచ్చటపడ్డాను. ఒక మధ్యాహ్నం శాసనసభ్యుడు మిల్లుకు భోజనానికి వచ్చాడు. వంకాయ కూర బాగుందన్నాడు. మజ్జిగ పోసుకుంటూ, ఈ ప్రాంతానికి ఏదన్నా పరిశ్రమ రావాల పెంచలయ్యన్నా అన్నాడు. ఉప్పు పెడదామని ఉందన్నాడు పెంచలయ్య గారు, ఏటి పక్కన చవిటి నేల ఉందని కూడా అన్నాడు. మంచిదే, కాగితం పెట్టండి అన్నాడు ఆయన. చెయ్యి కడుక్కుంటూ నా వైపు చూసి, ఈ అబ్బాయికి కూడా ఏదన్నా చూడాల అన్నాడు. అంతే. ఒకరికొకరు కన్నుగీటుకోలేదు, తలుపులు వేసుకోలేదు. అడిగినవాడు లేడు, ఇచ్చినవాడు లేడు. రాసినవాడు మాత్రం ఉన్నాడు. అర్జీ ఇంగ్లీషులో ఉంటే పై ఆఫీసులో గౌరవంగా చూస్తారని నాతో రాయించారు. ఆ నేల ప్రస్తుతం దేనికి వాడుకలో ఉన్నదో తెలపవలసిన చోట, తరతరాలుగా ఎవరికీ అక్కరకు రాక పడి ఉన్న చవిటి బీడు అని రాశాను. ఆ వాక్యం రాసినప్పుడు దాని నడక నాకెంతో నచ్చింది. రెండుసార్లు పైకి చదువుకున్నాను.

తాలూకాఫీసు నుంచి రెవిన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి నేల చూసిపోవాలి. అది ఎప్పుడో తేలక రోజులు గడుస్తున్నాయి. ఇంతలో పాళెం పెద్ద, అంకమ్మ మామ, చనిపోయాడు. నాన్నా నేనూ వెళ్లి చూసివచ్చాం. పాళెంలో ఒక ఆచారం ఉండేది. పెద్దతలకాయ పోతే మూడోనాటి కార్యం అయ్యేదాకా పడవ నీళ్లలోకి దిగదు, వల విప్పరు, బయల్లో చేప పరవరు. ఒడ్డుకు లాగిన పడవలు, చుట్టిపెట్టిన చాపలు చూసి వచ్చాం. మర్నాడు నేను మిల్లుకు వెళితే పెంచలయ్య గారు కాఫీ ఇప్పించి, “ఏమయ్యా, ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?” అన్నాడు. ఏదో ఒకటి అని నవ్వించడం నాకు అలవాటైపోయింది. “పప్పేనండీ. పాళెంలో చావు. రేపటిదాకా బయల్లో కాకులకు కూడా ఉద్యోగం లేదు, నా మాదిరే” అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వు సగంలో ఆపేసి డ్రైవరును పిలిచి, తాలూకాఫీసుకు వెళ్లి ఇన్‌స్పెక్టరు గారిని వెంటబెట్టుకు రమ్మన్నాడు. అప్పుడు నాకు ఏమీ అర్థం కాలేదని రాయాలని ఉంది. జీపు గేటు దాటకముందే అర్థమైంది.

ఇన్‌స్పెక్టరు మంచివాడు, ఎండకు ఓర్చుకోలేని మనిషి. రుమాలు నెత్తిన వేసుకుని బయలు మధ్యలో నిలబడ్డాడు. నాలుగు దిక్కులా తెల్లటి నేల, ఒక్క పురుగు లేదు. “ఇక్కడ ఎవురూ ఏమీ చెయ్యరా?” అని నన్ను అడిగాడు. చెయ్యరని నేను చెప్పలేదు. “చూస్తా ఉండారు గదండీ” అన్నాను. ఆ జవాబు నాకు చాలా ఏళ్లు అండగా నిలబడింది. నేను అబద్ధం ఆడలేదని ఎవరికైనా రుజువు చేయగలిగే జవాబు అది. ఎవరూ అడగలేదు.

తర్వాత నెలలో ఒక పొద్దున, నాన్న మిషన్ పని మీద నెల్లూరు వెళ్లి ఉండగా, అంకమ్మ గంప లేకుండా వచ్చింది. చేతిలో జిగురు అంటుకున్న కాగితం ఉంది. చావిడి గోడకు సర్కారోళ్లు అంటించి పోయినారని, అయివారితో చదివించుకుందామని ఊడబెరుక్కుని వచ్చానని చెప్పింది. మూలన చినిగింది. అయివారు లేరా, అయితే నువ్వే చదువు అంది. అరుగు మీద, నాన్న కూర్చునే చోటే కూర్చున్నాను. కాగితం ముందు నాలో నేను చదువుకున్నాను. ఫలానా సర్వే నంబరు గల బీడు నేలను ఉప్పు పరిశ్రమ నిమిత్తం కౌలుకు కోరుతూ అర్జీ వచ్చింది, అభ్యంతరం గలవారు ముప్పై రోజుల లోపల తాలూకాఫీసులో తెలపవలెను, లేనిచో అభ్యంతరం లేనట్లు భావించబడును. నా జేబులో అప్పటికే నెల్లూరులో గుమాస్తా ఉద్యోగానికి రమ్మని పిలుపు ఉంది. చూడాల అన్న శాసనసభ్యుడు అన్నట్టే చూశాడు.

“ఏం రాసుండారు అబ్బయా? మా బయలు మాటేమన్నా ఉండాదా?” అంది అంకమ్మ.

“బయలు అనే మాటే లేదక్కా. ఏదో బీడు నేల, దానికొక నంబరు” అన్నాను.

“యాడుండాది ఆ నేల?”

“సర్కారు నంబర్లు సర్కారుకే తెలవవు, నాకేం తెలుస్తాయి. దొరికితే మొదట నేనొక ఇల్లు కట్టుకుంటాలే” అన్నాను. ఆమె నవ్వింది. ఉద్యోగం వచ్చిందంట గదా, పిల్లను చూడమంటావా అని ఎగతాళి చేసింది. కాగితం మడిచి ఆమె చేతికిచ్చాను. పారెయ్యక్కా అన్నాను. ఆ రోజు నేను కలిపిన మాటలు చాలా తక్కువ. తీసినవి ఒకటిన్నర వాక్యం.

ఆ నేల మీద ఉప్పుమళ్లు చాలా ఏళ్లు పండాయి. ఇప్పుడు అవీ లేవు. రేవు పెరిగింది, థర్మల్ పొగగొట్టాలు లేచాయి. పెంచలయ్య గారి మనవడు కాఫీ తాగుతూ ఆ సంగతే బాధగా చెప్పుకొచ్చాడు. వాళ్ల ఉప్పుమళ్లను ఎవరో ఇంకా పెద్దవాళ్లకు ఇప్పించేశారట. కాగితాల్లో వాడకంలో లేని భూమి అని రాసేశాడట, ఎవడో చదువుకున్నవాడు. ఈ కాలం నాయకులు డబ్బున్నవాళ్ల మనుషులు అంకుల్, తాతయ్య రోజుల్లో ఇట్లా ఉండేదా అన్నాడు. అప్పుడు ఎక్కిన జీపులు చిన్నవి, భోజనంలో వంకాయ కూర ఉండేది. ఇప్పుడు ఏం వడ్డిస్తున్నారో నాకు తెలియదు. మిగతా తేడా ఏమిటో ఆలోచించి రాస్తానని చెప్పి పంపాను. అతను అడిగిన రెండు పేజీలు రాయడానికి కూర్చుంటే చేతికి వచ్చింది ఇది. ఇది సంచికలో పట్టదు.

ఉద్యోగంలో చేరిన ఐదారు నెలలకు ఒక శనివారం బస్సులో ఊరికి వచ్చాను. ఆదివారం ఆరాధన అయి ఇంటికి వచ్చి నాన్నా నేనూ భోజనానికి కూర్చున్నాం. అమ్మ నెత్తళ్లు వేయించింది. నాన్న ఒకటి నోట్లో పెట్టుకుని నమలడం ఆపాడు. పంటి కింద కరకర నాకు వినిపించింది. ఆయన దాన్ని తీసి కంచం పక్కన పెట్టాడు. అమ్మే అంది, బయల్లో కట్టలు వేసి నీళ్లు వదిలినారంట, అంకమ్మ ఇసకలో ఎండబెడతా ఉండాది, ఊళ్లో ఎవురూ కొనడం లేదు, నేనే మొగమాటానికి తీసుకున్నా అని. నేను చారు పోయమన్నాను.

అప్పుడే పెరటి తలుపు దగ్గర అంకమ్మ గంప దించింది. అమ్మ వద్దని చెప్పబోయేలోపు, అమ్మేదానికి రాలేదు అయివారమ్మా అంది. మనిషి చిక్కిపోయి ఉంది. గంప అడుగు నుంచి మడతల దగ్గర నలిగిపోయిన కాగితం తీసి నాన్న ముందు పెట్టింది. “తాలూకాఫీసుకి పోయినాం అయివారూ. గోడకి అంటించినాం గదా, గడువు దాటిపోయినాక ఇప్పుడొచ్చి ఏడిస్తే ఎట్లా అన్నారు. దాంట్లో ఏముండాదో ఒకసారి చదవండి” అంది. నేను పారెయ్యమన్న కాగితం. మా ఇంట్లో చదివించుకున్న కాగితాన్ని ఆమె ఎప్పుడూ పారేసేది కాదట, చూరులో దోపి పెట్టేదట.

నాన్న అన్నం మధ్యలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆయన అట్లా లేవడం నేను అంతకు ముందు చూడలేదు. కళ్లజోడు పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి పైకి చదివాడు. సర్వే నంబరు చదివి, అది ఏ నేలో వేలితో పాళెం వైపు చూపించాడు. ముప్పై రోజుల మాట చదివాడు. భావించబడును దాకా చదివి, కాగితం మడిచి, కింద పెట్టకుండా చేతిలోనే ఉంచుకుని, ఇది ఇంతకు ముందు ఎవరన్నా నీకు చదివిపెట్టినారా అని అడిగాడు. అంకమ్మ నా వైపు చూడలేదు. “చదివినారు అయివారూ” అంది. పేరు చెప్పలేదు. నాన్న కళ్లజోడు తీసి తుడుస్తున్నాడు, చాలాసేపు తుడిచాడు.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అయినా నా నోరు ఊరుకోలేదు, దానికి జనాన్ని కూర్చోబెట్టే అలవాటు. ఆ రోజు ఇన్‌స్పెక్టరుతో నేనూ ఉన్నానక్కా అన్నాను. బయలంతా ఖాళీగా ఉండింది, నువ్వే చెప్పు, ఒక్క చేప లేదు, ఒక్క చాప లేదు అన్నాను. అర్జీ రాసింది నేనేనని ఆమెకు అప్పటిదాకా తెలియదు, అది కూడా నేనే చెప్పాను. అక్కడ ఏమీ కనపడలేదు కాబట్టి ఏమీ లేదని రాశాను, కళ్లకు కనపడిందే రాశాను అన్నాను. కనపడింది రాయడం తప్పెట్లా అవుతుంది అని కూడా అన్నట్టు గుర్తు. అర్జీ ఇన్‌స్పెక్టరు రాకముందే రాశానన్న సంగతి మాత్రం చెప్పలేదు.

అంకమ్మ నేను చెప్పేదంతా విన్నది. నా కంచం వైపు చూసింది, అంచున నాలుగు నెత్తళ్లు మిగిలి ఉన్నాయి. గంప ఎత్తి చంకన పెట్టుకుంది.

“ఇన్నేళ్లు నువ్వు తిన్న చేప యాడ ఎండిందనుకున్నావు అబ్బయా?” అంది.